ఫ్రాన్స్‌లో కొత్త కాపురం: పోస్టు డబ్బా మీద పేరుతో మొదలయ్యే పని

పారిస్ చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంట్‌లోకి వెళ్లినా గుమ్మం దాటగానే గోడకి వరసగా ఇనప పోస్టు డబ్బాలు కనిపిస్తాయి. ఒక్కోదాని మీద ఒక్కో ఇంటిపేరు ఉంటుంది. చాలా భవనాల్లో ఫ్లాట్లకి నంబర్లే ఉండవు కాబట్టి పోస్ట్‌మన్ పేరు చూసే ఉత్తరం వేస్తాడు. పేరు కనపడకపోతే ఆ ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, దాని రహస్య నంబరు, ఆరోగ్య బీమా కాగితాలు, పన్నుల శాఖ ఉత్తరాలు అన్నీ ఆ డబ్బాలోకే రావాలి. కొత్తగా దిగినవాళ్లు ఇల్లు దొరికిన సంబరంలో సామాను సర్దుకుంటారు, ఇంటర్నెట్ పెట్టించుకుంటారు, వీడియో కాల్‌లో అమ్మానాన్నలకి గదులన్నీ చూపిస్తారు. డబ్బా మీద పేరు అతికించడం మాత్రం గుర్తుండదు. మూడు వారాలయ్యాక కార్డు ఇంకా రాలేదేమిటని టెన్షన్ మొదలవుతుంది. కార్డు వచ్చింది, పేరు లేక తిరిగి వెళ్లిపోయింది.

అక్కడి వ్యవస్థ మనిషి మాట కన్నా కాగితాన్ని ఎక్కువ నమ్ముతుంది. ఆ కాగితం నడిచేది చిరునామా మీద. ఒక కాగితం కావాలంటే ఇంకొకటి చూపించాలి, ఆ రెండోది కావాలంటే మొదటిది అడుగుతారు. ఈ చిక్కుముడిలో ఏ పోగు ముందు లాగాలో తెలిసినవాళ్లు కొద్ది నెలల్లో కుదురుకుంటారు. తెలియనివాళ్లు అవే పనుల మీద ఏడాది పొడుగునా తిరుగుతారు. ఫ్రెంచ్ ఎంత బాగా వచ్చు అన్నదాని కన్నా, ఏది ముందు ఏది తర్వాత అన్నదే మొదటి ఆరు నెలల్ని నిర్ణయిస్తుంది.

2030 నాటికి 30,000 మంది భారతీయ విద్యార్థుల్ని తమ దేశానికి రప్పించాలని ఫ్రాన్స్ లక్ష్యం పెట్టుకుంది. 2024 జనవరిలో గణతంత్ర దినోత్సవ అతిథిగా వచ్చినప్పుడు అధ్యక్షుడు మాక్రాన్ ఆ మాట మళ్లీ చెప్పారు. కాబట్టి ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్లేవాళ్లు ఇకముందు పెరుగుతారే తప్ప తగ్గరు. అయితే అమెరికా వెళ్లేవాళ్లకి దొరికినట్టు సలహా చెప్పే సీనియర్లు ఫ్రాన్స్ వెళ్లేవాళ్లకి ఊరూరా దొరకరు. దొరికిన సలహాల్లోనూ చాలా వరకు అమెరికా లెక్కలే ఉంటాయి. క్రెడిట్ స్కోరు పెంచుకో, కార్డు వాడుతూ ఉండు అనే మాటలు ఫ్రాన్స్‌లో పనికిరావు. అక్కడ అలాంటి స్కోరే లేదు. దాని స్థానంలో ఉండేది దొసియే, అంటే కాగితాల కట్ట. ఇంటి ఓనర్ అయినా బ్యాంకు మేనేజర్ అయినా ముందు అడిగేది దాన్నే.

ఇండియాలోనే తేల్చుకోవాల్సినవి

ఈ కట్టలో అడుగున ఉండాల్సింది బర్త్ సర్టిఫికెట్. మన దగ్గర దాని విలువ బడిలో చేర్పించేటప్పుడు, పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు తప్ప గుర్తుకురాదు. చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్ మీది పుట్టిన తేదీయే అసలు తేదీ. ఫ్రాన్స్‌లో అలా కుదరదు. 1792లో విప్లవ ప్రభుత్వం పుట్టుక, పెళ్లి, చావుల నమోదును చర్చి చేతుల్లోంచి తీసి మునిసిపాలిటీలకి అప్పగించింది. 1794లో, అంటే విప్లవ క్యాలెండర్ ప్రకారం రెండో సంవత్సరం ఫ్రుక్తిదోర్ 6న, పుట్టుక నమోదులో ఉన్న పేరు తప్ప మరో పేరు ఎవరూ పెట్టుకోకూడదని చట్టం చేసింది. ఆ చట్టం ప్రభావం ఈరోజుకీ ప్రతి ఫారంలో కనిపిస్తుంది.

ఇంకో తేడా కూడా ఉంది. మన బర్త్ సర్టిఫికెట్ ఒకసారి ఇస్తే అంతే, అది మారదు. ఫ్రెంచి వాళ్లది అలా కాదు. పెళ్లయితే ఆ నమోదు పక్కన అంచులో రాస్తారు, విడాకులైనా రాస్తారు. అందుకే అక్కడి ఆఫీసులు ఇటీవల జారీ అయిన కాపీయే కావాలని పట్టుబడతాయి. ఇరవై ఐదేళ్ల కిందట మునిసిపాలిటీలో తీసుకున్న, మడతల దగ్గర చిరిగిన కాగితం చూపిస్తే పెదవి విరుస్తారు. ఆ పాత కాగితాల్లో చాలావాటిలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే నమోదు చేసే నాటికి బారసాల కాలేదు. బయల్దేరే ముందు పేరు ఎక్కించి, తల్లిదండ్రుల పేర్లు పూర్తిగా ఉన్న కొత్త కాపీ తీసుకుని, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (కాగితం వేరే దేశాల్లో చెల్లేలా వేసేది) వేయించుకోవడం అన్నిటికన్నా ముఖ్యమైన పని. భారతదేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి ఆ ముద్ర ఫ్రాన్స్‌లో చెల్లుతుంది. పెళ్లయినవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్‌కి కూడా అదే చేయించాలి. గుళ్లో ఇచ్చిన రసీదు, శుభలేఖ, ఫొటోలు అక్కడ చెల్లవు. రిజిస్ట్రారు ఇచ్చిన సర్టిఫికెట్టే కావాలి. ఫ్రెంచి అనువాదం మాత్రం ప్రమాణం చేసిన, కోర్టు జాబితాలో ఉన్న అనువాదకులతో చేయించాలి. దాన్ని ఫ్రాన్స్ వెళ్లాక చేయించుకోవడమే మేలు.

యానాం వాళ్లకి ఇందులో కొత్తేమీ కనపడకపోవచ్చు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ ఊళ్లో పుట్టుకలూ పెళ్లిళ్లూ ఫ్రెంచి పద్ధతిలోనే నమోదయ్యాయి. పౌరసత్వం ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఫ్రాన్స్‌వైపు మొగ్గిన కుటుంబాలకి ఆ నమోదు పుస్తకాలే ఆధారమయ్యాయి. గోదావరి ఒడ్డున ఒక కాగితానికి అంత బలం ఉండేది.

తర్వాతిది పేరు. ఇక్కడ తెలుగువాళ్లకి ఒక మంచి, ఒక చెడ్డ ఉన్నాయి. ఫ్రెంచి ఫారాల్లోనూ మనలాగే ఇంటిపేరు ముందు, అదీ పెద్దక్షరాల్లో రాస్తారు. ఆ వరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, డిగ్రీ పట్టాలో పేరు చివరికి వెళ్తుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొన్ని పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరు రెండో గడిలో వేసి ఉంటుంది. ఫ్రెంచి గుమాస్తా అక్షరం అక్షరం పోల్చి చూస్తాడు. తేడా ఉంటే ఇద్దరు మనుషులనే అనుకుంటాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు వీసాకి ముందే దాన్ని సరిచేయించుకోవాలి. వీసా మీద పడ్డ పేరే తర్వాత బ్యాంకు, బీమా, కాలేజీ అన్నిచోట్లకీ పాకుతుంది, ఆ తర్వాత మార్చడం చాలా పెద్ద పని.

పెళ్లయిన ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఫ్రెంచి చట్టంలో ఆడపిల్లకి పుట్టింటి పేరే జీవితాంతం అసలు పేరు. భర్త ఇంటిపేరు వాడుకలో పెట్టుకోవచ్చు, కానీ అది పక్క గడిలోకే వెళ్తుంది. ప్రతి ఫారంలోనూ ఈ రెండింటికీ విడివిడి గడులు ఉంటాయి. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు పుట్టింటి పేరు ఏమిటో చూపించే కాగితం, అంటే అదే బర్త్ సర్టిఫికెట్, తప్పనిసరిగా వెంట ఉంచుకోవాలి.

ఇల్లు

ఇంటి ప్రకటనల్లో T1, T2, T3 (తె1, తె2, తె3 అని పలుకుతారు) అని కనిపిస్తాయి. మన టూ బీహెచ్‌కే లెక్కలో తె2 అంటే రెండు పడగ్గదులు అనుకుంటే పొరపాటే. వంటగది, బాత్‌రూమ్ వదిలేసి మిగతా గదులన్నీ, హాలుతో సహా లెక్కపెడతారు. కాబట్టి తె2 అంటే ఒక హాలు, ఒక పడగ్గది. మన టూ బీహెచ్‌కేకి సరిసమానమైనది తె3. ఇల్లు అనిపించుకోవాలంటే కనీసం 9 చదరపు మీటర్లు ఉండాలని నిబంధన. పారిస్‌లో ఆ కనీస కొలతకే అద్దెకిచ్చే గదులు చాలా ఉంటాయి. మంచం వేశాక మిగిలేది ఒక మనిషి నిలబడేంత చోటే. రాజధానిలోనే ఉండాలన్న పట్టుదల వదిలి లియోన్, తులూజ్, లిల్, గ్రెనోబుల్ లాంటి ఊళ్లలో చదువో ఉద్యోగమో చూసుకున్నవాళ్లకి అదే డబ్బుతో కాస్త ఊపిరి పీల్చుకునే ఇల్లు దొరుకుతుంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుతో పాటు ఊరి అద్దె కూడా చూడాలి.

ఓనర్లు సాధారణంగా అద్దెకి మూడు రెట్ల జీతం, లేదా ఫ్రాన్స్‌లో ఆదాయం ఉన్న ష్యూరిటీ అడుగుతారు. హైదరాబాద్‌లో నాన్నగారికి ఎంత ఆస్తి ఉన్నా అక్కడ ష్యూరిటీగా ఒప్పుకోవడం అరుదు. దీనికి ప్రభుత్వ మద్దతుతో నడిచే పరిష్కారం విజాల్ అనే గ్యారంటీ. 30 ఏళ్లలోపు వాళ్లకి, విద్యార్థులతో సహా, ఉచితంగా దొరుకుతుంది. వీసా వచ్చిన వెంటనే ఇండియా నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాని పత్రం చేతిలో ఉంటే ఇళ్లు చూడటానికి వెళ్లే మనిషి ధైర్యంగా వెళ్తాడు. ప్రభుత్వమే నడిపే దొసియే ఫసిల్ అనే ఉచిత సేవ కూడా ఉంది. అందులో కాగితాలు పెడితే వాళ్లు పరిశీలించి ఒకే కట్టగా చేసి ఇస్తారు. ఓనర్లకి దాని మీద నమ్మకం ఎక్కువ.

అడ్వాన్స్ ఎంత తీసుకోవచ్చో చట్టంలో ఉంది. సామాను లేని ఇంటికి ఒక నెల అద్దె, ఫర్నిచర్‌తో ఇచ్చే ఇంటికి రెండు నెలలు. అంతకు మించి అడిగితే అది చట్టవిరుద్ధం. ఇల్లు చూడకముందే డబ్బు పంపమన్నవాళ్లు నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మోసగాళ్లే. "నేను ఇప్పుడు వేరే దేశంలో ఉన్నాను, తాళాలు కొరియర్‌లో పంపిస్తాను" అనే మెయిల్ చూడగానే చెరిపేయాలి. సెప్టెంబరులో చదువులు మొదలవుతాయి కాబట్టి ఆగస్టులో ఇళ్ల కోసం కొట్టుకుంటారు, అప్పుడే మోసాలూ పెరుగుతాయి. మొదటి రెండు మూడు వారాలకి విద్యార్థి హాస్టలో, తెలిసినవాళ్ల ఇల్లో చూసుకుని, దిగాక కళ్లతో చూసి ఇల్లు తీసుకోవడం ఖర్చు ఎక్కువైనా క్షేమం.

తాళాలు తీసుకునే రోజున ఇంటి పరిస్థితిని గది గదికీ రాసుకునే పత్రం ఒకటి ఉంటుంది. దాన్ని ఏతా దే ల్యూ అంటారు. మన దగ్గర ఇంటి ఓనర్‌తో మొహమాటానికి పోయి "అంతా బాగానే ఉందండీ" అనేయడం అలవాటు. అక్కడ అలా సంతకం పెడితే వెళ్లేటప్పుడు ప్రతి గీతకీ, ప్రతి మేకు కన్నానికీ అడ్వాన్స్‌లోంచి కోసుకుంటారు. బాత్‌రూమ్ మూలన నల్లటి బూజు, కిటికీ పిడి వదులు, నేల మీద మరక, పొయ్యి అద్దం మీద గీత, ఏదైనా సరే రాయించాలి, ఫొటో తీయాలి. ఆ రోజు కనపడనిది తర్వాత కనిపిస్తే 10 రోజుల్లోపు రాతపూర్వకంగా చేర్చమని అడిగే హక్కు ఉంది. హీటర్లకైతే చలికాలం హీటింగ్ మొదలైన తొలి నెల మొత్తం గడువు ఉంటుంది, ఎందుకంటే జూలైలో హీటరు పనిచేస్తోందో లేదో ఎవరికీ తెలియదు.

అద్దెకి ఉండేవాళ్లు ఇంటి బీమా తీసుకోవడం తప్పనిసరి. ఆ పత్రం లేకుండా తాళాలు ఇవ్వరు. ఆన్‌లైన్‌లో పావుగంట పని. అద్దె సాయం ఇచ్చే కాఫ్ సంస్థ పాత నెలలకి డబ్బు ఇవ్వదు కాబట్టి, అర్హత ఉన్నవాళ్లు ఇంట్లో దిగిన వారంలోనే దరఖాస్తు పెట్టాలి. అయితే యూరప్ బయటి విద్యార్థులకి ఈ సాయాన్ని ఆపే ప్రతిపాదన 2026 బడ్జెట్‌లో వచ్చింది. నెల ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఆ డబ్బు రాదనుకుని వేసుకోవడమే మంచిది.

ముడి విప్పే కాగితం

బ్యాంకు ఖాతా తెరవాలంటే చిరునామా రుజువు కావాలి. ఇల్లు అద్దెకి తీసుకోవాలంటే బ్యాంకు ఖాతా కావాలి. జీతం వేయాలంటే కంపెనీకి ఖాతా వివరాల కాగితం, అంటే రిబ్ కావాలి. కొత్తవాళ్లు ఏడుపుముఖం పెట్టేది ఇక్కడే. ఈ ముడి విప్పడానికి ఫ్రెంచి వాళ్లే ఒక దారి పెట్టారు. ఎవరింట్లో ఉంటున్నామో వాళ్లు "ఈ మనిషి ఫలానా తేదీ నుంచి నా ఇంట్లో ఉంటున్నారు" అని తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి, తమ గుర్తింపు కార్డు కాపీ, తమ కరెంటు బిల్లు జత చేస్తే చాలు. స్నేహితుడి ఇల్లయినా, యూనివర్సిటీ హాస్టల్ అయినా ఫరవాలేదు. ఆ ఒక్క కాగితంతో బ్యాంకు ఖాతా తెరుచుకుంటుంది. అప్పుడు ఆ ఇంటి డబ్బా మీద ఓనర్ పేరు కింద మన పేరు కూడా అతికించాలి, లేదా చిరునామాలో "షే" (ఫలానావాళ్ల ఇంట్లో) అని రాసి ఆ ఇంటివాళ్ల పేరు చేర్చాలి.

బ్యాంకు ఖాతా ఇవ్వనంటే ఊరుకోనక్కర్లేదు. ఆ దేశంలో నివసించే ఎవరికైనా ఖాతా హక్కు ఉంది. తిరస్కరించినట్టు రాసిచ్చిన కాగితంతో బాంక్ ద ఫ్రాన్స్‌కి దరఖాస్తు పెడితే, అదే ఒక బ్యాంకును నిర్ణయించి ఖాతా తెరిపిస్తుంది. ఈఫిల్ టవర్ టికెట్లకి యూపీఐ పనిచేస్తుందని 2024 ఫిబ్రవరిలో పెద్ద వార్త వచ్చింది. అది సందర్శకులకి ఉపయోగం. అద్దె, కరెంటు, ఫోను, జీతం నడిచేది మాత్రం ఫ్రెంచి ఖాతా మీదే.

ఇల్లు దొరికాక కరెంటు కనెక్షన్ సొంత పేరు మీద తీసుకోవడం ఇంకో కీలకమైన పని. ఇద్దరు కలిసి ఉంటే ఇద్దరి పేర్లూ బిల్లు మీద పడాలి. చాలా ఆఫీసులు మూడు నెలల్లోపు కరెంటు బిల్లునే చిరునామా రుజువుగా అడుగుతాయి. భర్త పేరు ఒక్కటే వేయించిన ఇళ్లలో భార్య తన పేరున ఏ దరఖాస్తు పెట్టాలన్నా మళ్లీ "నా ఇంట్లో ఉంటున్నారు" అనే కాగితం రాయించుకోవాల్సి వస్తుంది.

దీర్ఘకాలిక వీసా మీద దిగినవాళ్లు చేరిన 3 నెలల్లోపు దాన్ని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవాలి. మర్చిపోతే వీసా మీద ఎంత పెద్ద గడువు ఉన్నా చట్టపరంగా అక్కడ ఉండే హక్కు పోతుంది. సెలవులకి ఇండియా వచ్చి తిరిగి వెళ్లలేకపోయే ప్రమాదం కూడా ఉంది. చిరునామా దొరకగానే ఆ సాయంత్రమే చేయాల్సిన పని ఇది. నివాస కార్డు రెన్యువల్‌కి గడువు ముగిసే 4 నెలల ముందు నుంచి 2 నెలల ముందు దాకా దరఖాస్తు పెట్టే కిటికీ తెరిచి ఉంటుంది. తెరిచిన మొదటి రోజే పెట్టాలి, ఎందుకంటే జవాబుకి నెలలు పట్టవచ్చు. ఆన్‌లైన్ ఫారాలు అర్థం కానివాళ్లకి ఫ్రాన్స్ సర్వీసెస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రాలు ఊరూరా ఉన్నాయి. అక్కడ కూర్చోబెట్టి ఉచితంగా నింపిపెడతారు. వీసా ఏజెంట్లకి యూరోలు పోసే బదులు ముందు అక్కడికి వెళ్లాలి.

15 అంకెల నంబరు

ఆరోగ్య బీమా నంబరు చూస్తే ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది. మొదటి అంకె మగవాళ్లకి 1, ఆడవాళ్లకి 2. తర్వాత పుట్టిన సంవత్సరం, నెల. ఆ తర్వాత పుట్టిన చోటు. ఫ్రాన్స్ బయట పుట్టినవాళ్లందరికీ అక్కడ 99 ఉంటుంది, దాని పక్కన దేశం సంకేతం. భారతదేశానిది 223. అంటే 1998 మార్చిలో గుంటూరులో పుట్టినా కరీంనగర్‌లో పుట్టినా ఆ అమ్మాయి నంబరు 2 98 03 99 223 అనే మొదలవుతుంది. మొదట తాత్కాలిక నంబరు ఇచ్చి, బర్త్ సర్టిఫికెట్ సరిచూశాకే ఈ శాశ్వత నంబరు ఇస్తారు. అందువల్లే పేరు తేడాలున్న కాగితాలు ఇచ్చినవాళ్లు నెలల తరబడి తాత్కాలిక నంబరుతోనే ఉండిపోతారు. శాశ్వత నంబరు వచ్చాకే ఫొటో ఉన్న ఆకుపచ్చ కార్డు, కార్త్ వితాల్ వస్తుంది. అప్పటిదాకా డాక్టరు ఇచ్చే కాగితం ఫారాన్ని సంతకం చేసి పోస్టులో పంపాలి. దాన్ని పారేస్తే డబ్బు పోయినట్టే.

ఉద్యోగంలో చేరినవాళ్లకీ విద్యార్థులకీ ఈ బీమా హక్కు వెంటనే మొదలవుతుంది. పని చేయనివాళ్లు, ఉదాహరణకి తోడుగా వచ్చిన జీవిత భాగస్వామి, సాధారణంగా 3 నెలలు నివసించాక దరఖాస్తు పెట్టాలి. ఆ మూడు నెలలకీ ఇండియాలోనే ప్రయాణ బీమా కొనుక్కుని వెళ్లాలి.

ఇక్కడ మన అలవాటు ఒకటి ఖరీదు పెట్టిస్తుంది. జలుబు చేస్తే జనరల్ డాక్టరు, మోకాలు నొప్పి అంటే నేరుగా ఎముకల డాక్టరు, చర్మం మీద మచ్చ వస్తే నేరుగా స్కిన్ స్పెషలిస్టు. ఫ్రాన్స్‌లో ముందు ఒక డాక్టరును సొంత డాక్టరుగా నమోదు చేసుకోవాలి, ఆయన రాసిస్తేనే చాలా రకాల స్పెషలిస్టుల దగ్గరికి వెళ్లాలి. 2024 డిసెంబరు నుంచి జనరల్ డాక్టరు ఫీజు 30 యూరోలు. నమోదైన డాక్టరు దగ్గరికి వెళ్తే బీమా 70 శాతం, అంటే 21 యూరోలు లెక్కగట్టి, అందులో 2 మినహాయించి 19 యూరోలు వెనక్కి ఇస్తుంది. నమోదు లేకుండా వెళ్తే 30 శాతమే లెక్క, చేతికొచ్చేది 7 యూరోలు. నమోదైన డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ 2 యూరోలు తప్ప మిగతాది విడిగా తీసుకునే అదనపు బీమా భరిస్తుంది, ఉద్యోగుల విషయంలో దాని ప్రీమియంలో కనీసం సగం కంపెనీ కట్టాలని 2016 నుంచి నియమం. చాలా ఊళ్లలో కొత్త పేషెంట్లని తీసుకునే డాక్టర్లు దొరకడం కష్టం, కాబట్టి జ్వరం వచ్చాక వెతకడం కాదు, ఒంట్లో బాగున్నప్పుడే వెతికి పెట్టుకోవాలి. ప్రాణం మీదికి వస్తే ఫోను చేయాల్సింది 15. మంటలకీ ప్రమాదాలకీ 18, పోలీసుకి 17, ఏదీ గుర్తు రాకపోతే 112.

పన్ను గురించి ఒక్క మాట

ఏటా వసంతంలో ఆదాయం లెక్క చెప్పాలి, ఆదాయం సున్నా అయినా సరే. ఎందుకంటే దానికి బదులుగా వచ్చే పన్ను నోటీసు కాగితాన్నే తర్వాత ఇంటి ఓనరు, పిల్లల బడి క్యాంటీను, సాయం ఇచ్చే ప్రతి ఆఫీసూ అడుగుతాయి. దీనికన్నా మనవాళ్లు ఎక్కువ దెబ్బ తినేది బ్యాంకు ఖాతాల విషయంలో. ఇండియాలో ఉన్న ప్రతి ఖాతా, ఎప్పుడో కాలేజీలో తెరిచి మరిచిపోయినదైనా సరే, ఫ్రెంచి పన్నుల శాఖకి చెప్పాలి. చెప్పని ఒక్కో ఖాతాకి 1,500 యూరోల జరిమానా ఉంది. ఇండియా వైపు నుంచి కూడా, నివాసం మారినవాళ్లు మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓ (విదేశాల్లో నివసించేవాళ్ల) ఖాతాగా మార్పించుకోవాలి. వెళ్లే ముందే ఒక మధ్యాహ్నం కూర్చుని ఖాతాలన్నిటి జాబితా రాసుకుంటే ఈ రెండు పనులూ తేలికవుతాయి.

సూట్‌కేసు, వంటగది

నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు పెట్టెలో పెట్టకూడదు. పాలు, మాంసంతో చేసినవేవీ యూరప్ బయటి నుంచి ప్రయాణికులు తేకూడదని నిబంధన. తాజా మామిడిపళ్లు, కరివేపాకు రెమ్మలు కూడా ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. ఆవకాయ, కారప్పొడులు, కందిపొడి పరవాలేదు. అసలు పప్పులూ మసాలాల బరువు మోసుకెళ్లక్కర్లేదు. పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ దాటి లా షపెల్ వైపు నడిస్తే శ్రీలంక తమిళుల దుకాణాలు వరసగా ఉంటాయి. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, మునక్కాయలు, బెండకాయలు అన్నీ అక్కడ దొరుకుతాయి. వేసవి చివర ఆ వీధుల్లో వినాయకుడి రథం ఊరేగుతుంది, కొబ్బరికాయలు రోడ్డు మీద గుట్టలుగా పగులుతాయి. ఇంటి మీద బెంగపెట్టుకున్నవాళ్లకి ఆ ఒక్కరోజు ఎంతో ఊరట.

కరెంటు వోల్టేజీ మనదే, ప్లగ్గు మాత్రం వేరు. రెండు గుండ్రటి కాళ్ల ప్లగ్గులు పడతాయి, మూడు కాళ్లవి పట్టవు. పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కరు పనిచేయదు, అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నెలే కావాలి. 2015 నుంచి ప్రతి ఇంట్లో పొగను పసిగట్టే పరికరం ఉండాలని చట్టం. ఎండుమిర్చి పోపు వేసేటప్పుడు అది అరిచిందంటే భవనం మొత్తం ఉలిక్కిపడుతుంది. కిటికీ తెరిచి, వంటింటి తలుపు మూసి పోపు వేయడం అలవాటు చేసుకోవాలి. ఆ పరికరాన్ని పీకి పక్కన పడేయడం మాత్రం చేయకూడదు.

మనుషులు

ఫ్రెంచి వాళ్లు మోటుగా మాట్లాడతారని చాలామంది అనుకుంటారు. నిజానికి మనమే వాళ్ల మర్యాద తప్పి మాట్లాడి ఉంటాం, తెలియక. దుకాణంలో అడుగుపెట్టగానే, బస్సు ఎక్కగానే, ఆఫీసు కిటికీ ముందు నిలబడగానే "బోన్‌జూర్" అనాలి. అది అనకుండా నేరుగా "ఎక్స్‌క్యూజ్ మీ, ఈ ఫారం ఎక్కడ?" అని అడిగితే, మన ఇంటికొచ్చిన కొత్త మనిషి గుమ్మంలో నిలబడి పలకరింపు లేకుండా మంచినీళ్లు అడిగినట్టు ఉంటుంది వాళ్లకి. బోన్‌జూర్ తర్వాత వచ్చీరాని ఫ్రెంచిలో రెండు ముక్కలు మాట్లాడి, అప్పుడు ఇంగ్లీషు వచ్చా అని అడిగితే ఎదుటి మనిషి ముఖం మారుతుంది. ఇక "వూ", "తు" అనే తేడా ఇంగ్లీషు వాళ్లకి కష్టం గానీ తెలుగువాళ్లకి ఉగ్గుపాలతో వచ్చినదే. మీరు అనాల్సిన చోట వూ, నువ్వు అనగలిగిన చోట తు. ఎదుటివాళ్లు చనువిచ్చేదాకా మీరు అనడమే క్షేమం.

నిజంగా ఇబ్బంది పెట్టేవి అంకెలు. ఫోను నంబర్లని రెండేసి అంకెల జతలుగా చెప్తారు. 70ని అరవై పది అంటారు, 80ని నాలుగు ఇరవైలు అంటారు, 97ని నాలుగు ఇరవైల పదిహేడు అంటారు. అవతలివాళ్లు "నాలుగు" అనగానే 4 రాసి, "ఇరవై" అనగానే 20 రాసి, తర్వాత కొట్టేయడం కొత్తలో అందరికీ జరిగేదే. నంబరు చెప్పించుకునే బదులు కాగితం ఇచ్చి రాయమనడం తేలిక.

ఉద్యోగానికో చదువుకో వెళ్లినవాళ్లకి రోజూ పలకరించే మనుషులు ఉంటారు. వాళ్లతో వెళ్లిన జీవిత భాగస్వామి, ఎక్కువగా భార్యలు, పరిస్థితి వేరు. ఫ్రాన్స్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ వదిలేసే విషయం ఇదే. విద్యార్థి భార్యకో భర్తకో సాధారణంగా విజిటర్ వీసా వస్తుంది, దానితో ఉద్యోగం చేయకూడదు. టాలెంట్ కార్డు (నైపుణ్యం ఉన్న ఉద్యోగుల్లాంటివాళ్లకి ఇచ్చే నివాస కార్డు) ఉన్నవాళ్ల భాగస్వామికి పనిచేసే హక్కు ఉంటుంది గానీ, భాష రాక ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. కుటుంబ పునరేకీకరణ (అక్కడ ఉంటున్నవాళ్లు తమ కుటుంబాన్ని రప్పించుకునే పద్ధతి) మీద వచ్చినవాళ్లకి ప్రభుత్వమే ఒప్పందం కుదుర్చుకుని ఉచితంగా ఫ్రెంచ్ నేర్పిస్తుంది. టాలెంట్ కుటుంబాలకి ఆ ఒప్పందం తప్పనిసరి కాదు కాబట్టి ఆ క్లాసులు వాటంతట అవి ఇంటికి రావు. హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వదిలి వచ్చిన ఎంటెక్ చదివిన అమ్మాయి, ఉదయం ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా నవంబరు చీకట్లో నాలుగు గోడల మధ్య ఉండిపోవడం మామూలైపోయింది. రెండో ఏడాది తిరిగి వచ్చేద్దామనే మాట ఇంట్లో మొదలైతే, దానికి ఈ ఒంటరితనమే ఎక్కువగా కారణమవుతుంది. కాబట్టి వీసా, టికెట్లకి ఎంత ఆలోచిస్తారో, ఇండియాలో ఉండగానే ఆ మనిషికి ఫ్రెంచ్ మొదలుపెట్టించడానికి కూడా అంత ఆలోచించాలి. 2024 వలస చట్టం తర్వాత, 2026 జనవరి నుంచి, చాలా రకాల బహుళ వార్షిక (ఒకేసారి కొన్నేళ్లకి ఇచ్చే) నివాస కార్డులకి ఏ2 స్థాయి ఫ్రెంచ్, పదేళ్ల కార్డుకి అంతకన్నా పై మెట్టు బీ1 అడుగుతున్నారు. ఇక ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు.

పిల్లలున్న ఇళ్లకి బడే దారి చూపిస్తుంది. 2019 నుంచి మూడేళ్ల పిల్లలకీ బడి తప్పనిసరి, ప్రభుత్వ బడి ఉచితం. చిరునామా రుజువు, టీకాల పుస్తకం తీసుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్తే చేర్చుకుంటారు. ఫ్రెంచ్ రాని పెద్ద పిల్లలకి ప్రత్యేక తరగతులు ఉంటాయి, అవి ఎక్కడున్నాయో చేర్చేటప్పుడే అడగాలి. ఇంట్లో పిల్లలతో తెలుగే మాట్లాడాలి, ఫ్రెంచ్ వాళ్లు ఆరు నెలల్లో బడిలో పట్టుకుంటారు. సాయంత్రం బడి గేటు దగ్గర మిగతా తల్లిదండ్రులు నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. తల్లి అక్కడ పది నిమిషాలు ముందు వెళ్లి నిలబడితే పరిచయాలు కలుస్తాయి. కొన్ని బడుల్లో, వేరే దేశాల నుంచి వచ్చిన తల్లిదండ్రులకి ఉచితంగా ఫ్రెంచ్ నేర్పే ప్రభుత్వ తరగతులు పిల్లల తరగతుల సమయంలోనే జరుగుతాయి. అవి ఉన్నాయని బోర్డు పెట్టరు. బడి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, బోన్‌జూర్ చెప్పి, అడగాలి.